అల్మెరియా కౌబాయ్ ఊరు: సెట్టు వడ్రంగి అయిన మా నాన్నతో వెళ్లొచ్చాక

అడిగిన ప్రశ్న ఇది: "స్పెయిన్‌లో కౌబాయ్ సినిమా కోసం వేసిన సెట్టు ఇప్పటికీ ఉందని, టికెట్ కొని చూడొచ్చని విన్నాను. అరవై ఏళ్ల కిందటి సెట్టు ఎలా మిగిలింది? అంత దూరం వెళ్లి చూసేంత ఉందా?"

ఉంది, తప్పకుండా వెళ్లండి. నేను బార్సిలోనాలో ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఊరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫ్రెండ్స్‌తో వెళ్లి ఫొటోలు దిగి వచ్చేశాను. రెండోసారి మా నాన్నతో వెళ్లాను. ఆయన మద్రాసులో మొదలుపెట్టి హైదరాబాద్ దాకా ముప్పై ఏళ్లకు పైగా సినిమా సెట్లు వేసిన వడ్రంగి. ఆ ఊరు ఎలా మిగిలిందన్నది నాకు అర్థమైంది ఆయనతో తిరిగినప్పుడే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ చోటు గురించి. స్పెయిన్ దక్షిణపు కొసన, మధ్యధరా సముద్రం ఒడ్డున అల్మెరియా అనే నగరం ఉంది. అక్కడి నుంచి కారులో ఓ ముప్పై కిలోమీటర్లు లోపలికి వెళ్తే తబెర్నాస్ ఎడారి వస్తుంది. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకోకండి. వాన కోసేసిన బూడిదరంగు మట్టి కొండలు, నీళ్లు లేని వాగులు, అక్కడక్కడా ముళ్ల పొదలు, అంతే. మన అనంతపురంలో కురిసే వానలో సగం కూడా అక్కడ కురవదు. దూరం నుంచి చూస్తే అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో వైపు ఉండే నేలలాగే ఉంటుంది. సినిమావాళ్లు ఇక్కడికి వచ్చింది అందుకే.

నిజానికి ఇక్కడికి వచ్చింది కౌబాయ్‌లు మాత్రమే కాదు. 1962లో వచ్చిన "లారెన్స్ ఆఫ్ అరేబియా"లో కొంత భాగం ఈ జిల్లాలో తీశారు. కార్బొనేరాస్ దగ్గర సముద్రపు ఒడ్డున జోర్డాన్‌లోని అకాబా ఊరినంతా సెట్టుగా కట్టారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఆ ఊరి ఆనవాలు కూడా కనిపించదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ తర్వాత ఇటలీ నుంచి సెర్జియో లియోనే వచ్చాడు. 1964లో ఆయన తీసిన "ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్" చాలా తక్కువ డబ్బుతో పూర్తయిన సినిమా. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ అప్పటికి అమెరికాలో టీవీ నటుడు మాత్రమే. ఆయనకు ఇచ్చింది పదిహేను వేల డాలర్లు. కథ జపాన్‌ది. కురోసావా తీసిన "యోజింబో"ను అనుమతి లేకుండా వాడుకున్నందుకు కేసు పడింది. చివరికి వసూళ్లలో 15 శాతం, జపాన్‌లో విడుదల హక్కులు "యోజింబో" వాళ్లకు ఇచ్చి రాజీ చేసుకున్నారు. జపాన్ కథ, ఇటలీ దర్శకుడు, అమెరికా హీరో, స్పెయిన్ నేల! అది యూరప్ అంతా విరగబడి ఆడింది. వెంటనే రెండోది మొదలుపెట్టారు. ఈసారి చేతిలో డబ్బుంది కాబట్టి ఊరే కట్టుకున్నారు.

ఆ రెండో సినిమా 1965లో వచ్చిన "ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్". అందులోని ఎల్ పాసో పట్నం కోసం తబెర్నాస్ దగ్గర వేసిన సెట్టే మీరు అడిగిన ఊరు. వేసింది కార్లో సిమీ. ఆయన ఆర్కిటెక్చర్ చదువుకున్నవాడు, లియోనే సినిమాలకు సెట్లు, బట్టలు రెండూ ఆయనే చూసుకునేవాడు. ఆ సినిమాలో బ్యాంకు మేనేజర్‌గా కనిపించేది కూడా ఆయనే. తను కట్టిన బ్యాంకులో తనే మేనేజర్! ఇది చెప్పినప్పుడు మా నాన్న ఎంత సంతోషపడ్డాడో. "మా ఆర్ట్ డైరెక్టర్లకు ఎవరైనా ఓ వేషం ఇచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు.

ఈ సినిమాలో కథంతా ఆ బ్యాంకు చుట్టూనే తిరుగుతుంది. ఎదురుగా హోటల్ కిటికీలోంచి ఈస్ట్‌వుడ్, ఇంకో కిటికీలోంచి లీ వాన్ క్లీఫ్ బ్యాంకును గమనిస్తూ ఒకరినొకరు పట్టేసుకుంటారు. అందుకని వీధి వెడల్పు, కిటికీల ఎత్తు, బ్యాంకు నిలబడిన చోటు అన్నీ ఆ చూపుల లెక్క ప్రకారం కుదిరాయి. అక్కడ వీధి మధ్యలో నిలబడి చూస్తే ఈ సంగతి ఒంటికి తెలుస్తుంది. సినిమా చూసి వెళ్తే ఇంకా బాగా తెలుస్తుంది. వెళ్లే ముందు రాత్రి తప్పకుండా చూడండి.

ఇక అసలు ప్రశ్న, ఎలా మిగిలింది?

సినిమా సెట్టు మిగలడానికి కట్టేది కాదు. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్న నలభై రోజులు పగలూ రాత్రీ కష్టపడి ఓ రాజమహలో, ఓ అగ్రహారం వీధో కట్టేవాడు. షూటింగ్ పది రోజులు జరిగేది. పదకొండో రోజు పొద్దున్నే మేస్త్రీలు వచ్చి పీకేసేవాళ్లు. ఫ్లోర్ ఖాళీ చేయకపోతే నిర్మాతకు రోజు అద్దె పడుతుంది కదా. పనికొచ్చే కర్ర, ప్లైవుడ్ ఇంకో సెట్టుకు పోయేది, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్కలు లారీలో చెత్తకు పోయేవి. ఓసారి నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక సెట్టు చూపిస్తానని ఆదివారం తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి సగం పీకేసి ఉంది. రెండు స్తంభాలు, ఒక మెట్ల వరస మిగిలాయి. ఆయన ఆ మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి టీ తాగి ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ రోజు ఆయన మొహం నాకింకా గుర్తుంది.

అల్మెరియాలోనూ అదే జరగాలి. అకాబాకు జరిగింది అదే. 1960లు, 70లలో ఆ ఎడారిలో వందల కొద్దీ వెస్టర్న్ సినిమాలు తీశారు. కారణాలు అందరికీ తెలిసినవే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాస్తుంది, లైటింగ్ ఖర్చు తగ్గుతుంది. నియంత ఫ్రాంకో పాలనలో ఉన్న స్పెయిన్‌లో కూలి చవక. గుర్రాలు, గుర్రపు స్వారీ తెలిసిన మనుషులు ఊళ్లోనే దొరుకుతారు. ఇటలీ, స్పెయిన్, జర్మనీ నిర్మాతలు కలిసి పెట్టుబడి పెట్టేవాళ్లు. అప్పట్లో అల్మెరియా స్పెయిన్‌లోని బాగా పేద జిల్లాల్లో ఒకటి. అక్కడి రైతులు, గొర్రెల కాపర్లు, రోమా (జిప్సీ) కుటుంబాలవాళ్లు జూనియర్ ఆర్టిస్టులుగా, ఫైటర్లుగా, వడ్రంగులుగా, గుర్రాల వాళ్లుగా కుదురుకున్నారు. పొలంలో దొరికే కూలి కంటే షూటింగ్‌లో గుర్రం మీద నుంచి పడితే వచ్చే డబ్బే ఎక్కువ.

ఎల్ పాసో సెట్టు బతకడానికి కారణం వాళ్లే. ఆ సినిమాలో జూనియర్ ఆర్టిస్టులుగా పనిచేసిన స్థానికులు దాన్ని కొనుక్కుని, పీకేయకుండా జనానికి చూపించడం మొదలుపెట్టారు. నిర్మాత కాదు, ప్రభుత్వం కాదు, ఆ వీధిలో గుంపులో నడిచినవాళ్లు. దానికి మినీ హాలీవుడ్ అని పేరు పెట్టారు. షూటింగులు ఉన్నన్నాళ్లూ ఇంకా ఎన్నో సినిమాలు అదే వీధిలో తీశారు. 1970లు ముగిసేసరికి కౌబాయ్ సినిమాల మోజు తగ్గింది, ఇటలీ నిర్మాతలు రావడం మానేశారు. అప్పుడు ఆ ఫైటర్లకు మిగిలింది టూరిస్టులే. కెమెరా ముందు చేసిన పనినే జనం ముందు చేయడం మొదలుపెట్టారు. తర్వాత అది ఓ హోటల్ సంస్థ చేతికి వెళ్లింది, పక్కనే జూ పెట్టారు, కాక్టస్ తోట, స్విమ్మింగ్ పూల్ వచ్చాయి. ఇప్పుడు పేరు ఒయాసిస్ మినీహాలీవుడ్. జూ ఎందుకని నాకు మొదట్లో అనిపించింది. కానీ పిల్లలున్న కుటుంబాలు టికెట్ కొంటేనే ఆ చెక్క ఇళ్లకు రంగు పడుతుంది. ఇప్పుడు నాకు దాని మీద ఏ కోపమూ లేదు.

దగ్గర్లోనే ఇంకో రెండున్నాయి. ఫోర్ట్ బ్రావో అనేది కొంచెం పెద్దది. అందులో అమెరికన్ ఊరు, మెక్సికన్ పల్లె, కర్రకోట మూడూ ఉంటాయి. ఇప్పటికీ షూటింగులు జరుగుతుంటాయి. 2012లో "డాక్టర్ హూ" సీరియల్‌లో వెస్టర్న్ ఎపిసోడ్ ఈ ఎడారిలోనే తీశారు. రెండోది వెస్టర్న్ లియోనే. 1968 నాటి "వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్" కోసం కట్టిన పెద్ద దుంగల ఇల్లు అక్కడుంది. ఈ మధ్య యూరోపియన్ ఫిల్మ్ అకాడమీ తబెర్నాస్ ఎడారిని యూరప్ సినీ సంపదల జాబితాలో చేర్చింది. మంచి పని చేశారు.

మా నాన్నతో వెళ్లిన రోజు సంగతి చెప్తాను. గేటు దాటగానే అందరూ వీధి మధ్యకు నడుస్తారు. ఆయన పక్కకు తిరిగి మొదటి ఇంటి గోడ దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో కొట్టి చూశాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు, అలా వీధంతా కొట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చింది, కొన్నిచోట్ల గట్టిగా మోగింది. తర్వాత సందులోంచి వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. ముందు రెండంతస్తుల బాల్కనీ ఉన్న ఓ ఇల్లు వెనక నుంచి ఒట్టి గోడ. దానికి ఏటవాలుగా దూలాలు ఆనించి, అడుగున రాళ్లు ఎత్తి ఉన్నాయి. "ఇది మనం వేసినట్టే వేశారు" అన్నాడు. పక్కదాన్ని చూసి, "దీనికి మాత్రం తర్వాత లోపల గది కట్టారు, కర్ర వయసు వేరు" అన్నాడు. బాల్కనీ కింద ఓ పలకను గోటితో గీకాడు. పైన గోధుమరంగు, దాని కింద ఎరుపు, దాని కింద బూడిదరంగు. మూడు పొరలు లెక్కపెట్టాడు. ఎండకు కర్ర నెరిసి, నరాలు తేలి ఉంది కానీ పుచ్చిపోలేదు. "చెద లేదు, తేమ లేదు. మన దగ్గరైతే రెండు వానాకాలాలు ఆగదు" అన్నాడు.

నేను అడిగాను, "ఇన్నిసార్లు పలకలు మార్చాక ఇది అప్పటి సెట్టేనంటావా నాన్నా?" అని. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మన ఊరి రథానికి చక్రాలు ఎన్నిసార్లు మార్చలేదు? ఎవరన్నా కొత్త రథమన్నారా?" అన్నాడు.

మాది తెనాలి పక్కన. హీరో కృష్ణ గారి ఊరు బుర్రిపాలెం కూడా అక్కడే. 1971లో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చినప్పుడు మా నాన్నకు పన్నెండేళ్లు. తెనాలిలో చూశాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, రాజస్థాన్ ఎడారిలో షూటింగ్, తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. దానికి స్ఫూర్తి ఈ ఇటలీ వాళ్ల సినిమాలే. అప్పట్లో టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని కాలువ గట్టు మీద తుపాకీ ఆట ఆడని పిల్లాడు లేడంట మా ఊళ్లో. ఆ కాలువ గట్టు ఆటకు ఈ వీధి ముత్తాత లాంటిదని చెప్తే ఆయనకు మాట రాలేదు. చాలాసేపు బ్యాంకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ కదిలించలేదు.

షో సంగతి. జైల్లో ఉన్న దొంగను విడిపించడానికి ముఠా గుర్రాల మీద వస్తుంది, షెరిఫ్ (ఊరి పోలీసు అధికారి) అడ్డం పడతాడు, కాల్పులు, చివరికి డాబా మీద నుంచి ఒకడు కింద పడతాడు. సెలూన్ అనే బారులో కాన్‌కాన్ డాన్స్ వేరే ఉంటుంది. తుపాకుల మోత బాగా గట్టిగా ఉంటుంది, చిన్నపిల్లలుంటే చెవులు మూయండి. కథ చిన్నదే. ఫైటర్ల పని మాత్రం నిజం. పరిగెత్తే గుర్రం జీను మీద నుంచి పక్కకు వాలి, ఒక కాలు రికాబులో ఉంచుకుని నేలకు రాసుకుంటూ పోయాడొకాయన. అందరూ కింద పడినవాడిని చూసి చప్పట్లు కొడుతుంటే, మా నాన్న మాత్రం అక్కడ ముందే ఎత్తుగా పోసిన మెత్తటి మట్టిని చూశాడు. "మా ఫైటర్లకు అట్టపెట్టెలు పేర్చి పైన పరుపులు వేసేవాళ్లం, నేనే చాలాసార్లు పేర్చాను" అన్నాడు. షో అయ్యాక ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి భుజం తట్టి, తెలుగులోనే "దెబ్బ తగల్లేదుగా బాబూ" అని అడిగాడు. అతనికేం అర్థమైందో గానీ మోచేయి చూపించి నవ్వాడు. అక్కడ తోలు లేచి ఎర్రగా ఉంది.

మర్నాడు ఫోర్ట్ బ్రావోలో ఇంకోటి జరిగింది. ఇళ్ల ముందు చెక్క అరుగు ఉంటుంది కదా, అక్కడ ఓ పెద్దాయన పాత పలక పీకి కొత్తది బిగిస్తున్నాడు. పలక ఒక కొస లేస్తోంది. మా నాన్న ఏమీ అడక్కుండా గొంతుకూర్చుని ఆ కొస మీద అరచేయి పెట్టి నొక్కిపట్టాడు. ఆయన తలెత్తి చూసి, మా నాన్న చేతివేళ్లు చూసి, మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మేకులయ్యాక సుత్తి మా నాన్నకు ఇచ్చాడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. అరగంట పనిచేశారు. నేను పక్కన నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్లలో ఆయన బిగించిన పలకల్లో ఇవాళ్టికీ ఉన్నది బహుశా ఆ ఒక్కటేనేమో.

వెళ్లాలనుకునేవాళ్లకు పనికొచ్చే మాటలు. అల్మెరియాకు విమానం ఉంది, మాడ్రిడ్ నుంచి రైలు కూడా ఉంది కానీ చాలా గంటలు పడుతుంది. అక్కడ దిగాక కారు అద్దెకు తీసుకోండి, కారు లేకుండా తిరగడం కష్టం. జులై, ఆగస్టు వద్దు, ఎండ మన రెంటచింతల ఎండలా ఉంటుంది, నీడ ఎక్కడా దొరకదు. ఏప్రిల్ గానీ అక్టోబర్ గానీ మంచిది. చలికాలంలో మినీ హాలీవుడ్ అన్ని రోజులూ తెరవరు, వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. షో టైమ్ కంటే గంట ముందు వెళ్లి ఖాళీ వీధి చూడండి, జనం వచ్చాక ఆ వీధి దొరకదు. ఒకటే చూసే టైముంటే పిల్లలతో అయితే మినీ హాలీవుడ్‌కు, సినిమా పిచ్చి ఉంటే ఫోర్ట్ బ్రావోకు వెళ్లండి.

సాడ్ హిల్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. "ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ" క్లైమాక్స్‌లోని శ్మశానం అది. ఇక్కడ కాదు, ఉత్తరాన బుర్గోస్ జిల్లాలో ఉంది. 1966లో స్పెయిన్ సైనికులు ఐదువేలకు పైగా ఉత్తుత్తి సమాధులు కట్టి ఇచ్చారు. తర్వాత గడ్డి, మట్టి కప్పేశాయి. 2015 నుంచి అభిమానులు పారలు, పలుగులు పట్టుకుని వారాంతాల్లో వెళ్లి మట్టి తీసి, మధ్యలో ఉన్న రాళ్ల వలయాన్ని బయటపెట్టారు. 15 యూరోలు ఇస్తే ఒక సమాధి మీద మీ పేరు రాసేవాళ్లు. నేనింకా వెళ్లలేదు, మా నాన్న మళ్లీ వచ్చినప్పుడు వెళ్లాలి.

కానీ అల్మెరియా దాకా వెళ్లాక లోస్ అల్బరికోకెస్ అనే పల్లె మాత్రం వదలకండి. టికెట్ లేదు, గేటు లేదు. "ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్"లో చివరికి వచ్చే తెల్లటి మెక్సికన్ పల్లె అదే. అది సెట్టు కాదు, మనుషులు కాపురముంటున్న ఊరు. వీధులకు ఆ సినిమా నటుల పేర్లు పెట్టుకున్నారు. ఊరి చివర రాళ్లు పరిచిన గుండ్రటి చోటు ఉంటుంది, ఆఖరి ద్వంద్వ యుద్ధం తీసింది అందులోనే. మేం సాయంత్రం వెళ్లాం. నేను ఫోన్‌లో ఆ సీన్ పెట్టి చూపిస్తూ, "ఇక్కడ విలన్, ఇక్కడ వాన్ క్లీఫ్" అని చెప్తున్నాను. మా నాన్న వినడం లేదు. వలయం మధ్యకు వెళ్లి కాలితో మట్టి తోసి చూస్తున్నాడు.

"ఇది కళ్లం రా" అన్నాడు.

నిజమే. అది గోధుమలు తొక్కించడానికి ఊరివాళ్లు ఎప్పుడో కట్టుకున్న కళ్లం. "మనం పేడతో అలుకుతాం, వీళ్లు రాయి పరిచారు. గాలి అటు నుంచి వస్తుంది, అందుకే ఊరికి ఈ పక్కన కట్టారు. తూర్పారబడితే పొట్టు ఇళ్ల మీదికి పోదు" అని చేతులు ఊపుతూ చెప్పాడు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. ఆ తర్వాత చీకటి పడేదాకా ఆయన ఎద్దులు ఎటు తిరుగుతాయో, గింజ ఎటు పోగేస్తారో చూపిస్తూనే ఉన్నాడు.